వానలాయన ఎడమ మోచెయ్యి

రఫ్ఫక్క కళ్ళు పోయాయన్న సంగతి వీధిలో అందరికీ తెలిశాక, చిట్టచివర రఫ్ఫక్కకి తెలిసింది.

చెప్పినవాడు లాండ్రీ ఓనరు. శుక్రవారం పొద్దున్న ఆవిడ ఎప్పటిలాగే వెళ్ళి, కిటికీ పక్కన తన కుర్చీలో కూర్చుని, సూదుల డబ్బా మూత తీయబోతుంటే, అతను కౌంటరు వెనకనుంచి గొంతు సవరించుకున్నాడు.

"కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండక్కా. ముందు కళ్ళ సంగతి చూసుకో."

ఇంకెవరితోనో అంటున్నాడేమోనని ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. వెనక ఇస్త్రీ బల్ల, దాని మీద ఎవరిదో ప్యాంటు తప్ప ఎవరూ లేరు.

"ఎవరి కళ్ళు?" అంది.

"నీవేనక్కా. టీవీలో బొమ్మ కూడా ఆనడం లేదటగా. నిన్న మీ తమ్ముడు వచ్చి చెప్పాడు. పాపం, చాలా బాధపడ్డాడు."

"బొమ్మ మసగ్గా ఉందన్నాను. కళ్ళు మసగ్గా ఉన్నాయని ఎప్పుడన్నాను?"

"రెండూ ఒకటేగా."

రెండూ ఒకటి కాదు. ఒకటి కాదని నిరూపించడానికి ఆ మనిషి ఆరు రోజులు ఎంత తంటాలు పడిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆవిడ అసలు పేరు ఇప్పుడెవరి నోటా రాదు. వీధికంతటికీ రఫ్ఫక్కే. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ లాండ్రీలో, ఆ కిటికీ వెలుతురులో, చిరిగిన బట్టలకి రఫ్ఫు చేస్తోంది. రఫ్ఫు అంటే అతుకు వెయ్యడం కాదు. అతుకని ఎవరైనా నోరు జారితే ఆ రోజుకి వాళ్ళతో మాటల్లేవు. మేకు గీరుకునో, పురుగు కొట్టో, నిప్పురవ్వ పడో కోటుకి చిల్లు పడుతుంది. అప్పుడు ఆ కోటు లోపలి మడతలోంచే పోగులు లాగి, గుడ్డని తిరగేసి, వెనకవైపునుంచి సన్నటి సూదితో పడుగూ పేకా మళ్ళీ నేసినట్టు అల్లుకుంటూ రావాలి. గళ్ళుంటే గళ్ళు కలవాలి. బాగా కుదిరిన రఫ్ఫు ఎవరికీ కనపడదు. కనపడిందా, పని చెడినట్టే. అందుకని ఆవిడ పనిని మెచ్చుకున్నవాళ్ళు కూడా తక్కువే. బట్ట అందుకున్న మనిషి అటూ ఇటూ తిప్పి "చిల్లు ఎక్కడుండేదండీ?" అని అడిగితే, ఆ పూటకి ఆవిడ కడుపు నిండిపోతుంది.

ఆ ఓనరుని ఆవిడ నిక్కర్ల నాటినుంచి ఎరుగును. ఆ కుర్చీ వేసింది వాళ్ళ నాన్న. ఇప్పుడు కౌంటర్లో కూర్చున్న కొడుకు మాత్రం కుర్చీ వంక చూడకుండా ఇంకో ముక్క కూడా చెప్పాడు.

"వచ్చే గురువారం ఒక మిషను వస్తోందక్కా. చిల్లు మీద పెడితే అదే కుట్టేస్తుందట. ప్లగ్గు ఆ కిటికీ దగ్గరే ఉంది మరి."

అప్పుడు ఆవిడకి విషయం బోధపడింది. మిషను ఎప్పుడో ఖాయమైపోయింది. కళ్ళు పోయాయన్నది దానికి తోడుగా దొరికిన మంచి సాకు. చేతిసంచిలోంచి కళ్ళ డాక్టరు రాసిన చీటీ తీసి కౌంటరు మీద పెట్టింది. చత్వారం తప్ప ఏ దోషమూ లేదని అందులో ఉంది.

"ఇది ఆరు నెలల నాటిది. ఈలోపు మారి ఉండచ్చు కదా. కొత్త చీటీ తెచ్చుకో, అప్పుడు చూద్దాం."

"నువ్వు కౌంటర్లో కూర్చోడానికి ఏ చీటీ తెచ్చావు నాయనా?"

అతను నవ్వేసి ఊరుకుందామనుకున్నాడు గానీ ఆవిడ మొహం చూసి నవ్వలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్తే అరగంట పని. ఇంకొకరైతే వెళ్ళేవాళ్ళే. కానీ టీవీ చేసిన తప్పుకి తన కళ్ళు సంజాయిషీ చెప్పుకోవడం ఆవిడకి ససేమిరా ఇష్టం లేదు. సూదుల డబ్బా మూత బిగించి లేచింది.

"బుధవారం సాయంత్రం ఏడింటికి మా ఇంటికి రా. పోయింది నా కళ్ళో, టీవీనో అక్కడ తేల్చుకుందాం. నా కళ్ళే అయితే ఈ కుర్చీ నేనే మోసుకెళ్ళి వెనక గదిలో పడేస్తాను. నువ్వు మొహమాటపడక్కర్లేదు."

"బుధవారమే ఎందుకక్కా?"

"వానలాయన గళ్ళ కోటు వేసుకునేది బుధవారమే కాబట్టి" అని చెప్పి చెప్పులేసుకుంది.

వానలాయన ఎవరో చెప్పాలి. రోజూ సాయంత్రం వార్తల చివర్లో పటం ముందు నిలబడి, ఎక్కడ వానో ఎక్కడ ఎండో చేత్తో చూపించే ఆయన. ఆయన కోట్లన్నీ ఈ లాండ్రీకే వస్తాయి. మనిషి ఎప్పుడూ రాడు, డ్రైవరే తెచ్చి ఇస్తాడు. మనిషిని చూడకపోయినా కోట్ల ద్వారా రఫ్ఫక్కకి ఆయన బాగా తెలుసు. కుడి జేబులో తాళాలు వేసుకుంటాడని, ఎడమ భుజం కాస్త వాలుస్తాడని, తినేటప్పుడు మీద ఒలకబోసుకుంటాడని ఇంట్లోవాళ్ళకి చెప్తూ ఉంటుంది. ఆయన బూడిద రంగు గళ్ళ కోటుకి ఎడమ మోచెయ్యి కింద వేలెడు చిరుగు పడితే రఫ్ఫు చేసింది తనే. ఆ రోజు మబ్బుగా ఉంది. ఓనరు తొందరపెట్టాడు. లైటు కింద పోగులు ఎంచి పని ముగించింది. ఎవరూ ఏమీ అనలేదు గానీ, ఆవిడ మనసులో ఏదో ఒక పోగు దగ్గర అనుమానం ఉండిపోయింది.

మూడు నెలల కిందట వాన పడితే టీవీ షాపు చూరు కింద నిలబడింది. అద్దం వెనక తలుపంత టీవీ. అందులో వానలాయన, అదే గళ్ళ కోటు. రఫ్ఫక్క అద్దానికి ముక్కు ఆనించింది. గళ్ళు కనపడ్డాయి. గళ్ళలో గీతలు కనపడ్డాయి. గీతల్లో పోగులు కూడా విడివిడిగా కనపడ్డాయి. ఆయన ఎడమ చెయ్యి పటం మీదికి ఎత్తాడు, ఆవిడ మోచెయ్యి వెతికేలోపే లోపలి కుర్రాడు ఛానలు మార్చేశాడు. ఆవిడ తడుస్తూ ఇంటికెళ్ళి, "మనకి ఆ టీవీ కావాలి" అంది.

ఎందుకు కావాలో తమ్ముడికి చెప్పినా అర్థం కాలేదు. ముప్ఫై నాలుగేళ్ళలో తన పనిని నిలదీసి చూడగలిగిన వస్తువు ఒక్కటి దొరికింది. దాని ముందు కూడా రఫ్ఫు కనపడకపోతే అది పని. కనపడితే ఎక్కడ తప్పిందో తెలుసుకోవచ్చు.

తమ్ముడు నీళ్ళ ఆఫీసులో మీటరు రీడరు. అక్క పెంచితే పెరిగాడు, అక్క చదివిస్తే చదివాడు, అక్క పెళ్ళి చేస్తే కాపురం చేసుకుంటున్నాడు. అక్క అడిగినదాన్ని కాదనడు. అక్క దాచుకున్నదీ తను దాచుకున్నదీ కలిపి టీవీ తెచ్చాడు. మూలన హెచ్‌డీ అని మెరిసే స్టిక్కరుంటే దాన్ని పీకనివ్వలేదు. వెనకటి టీవీకున్న వైర్లే దీనికీ తగిలించి మీట నొక్కాడు. బొమ్మ పడింది. మరదలు చేతులు తుడుచుకుంటూ వచ్చి "ఎంత పెద్దగా ఉందో" అంది.

"పెద్దగానే ఉంది. కోటు ఏది?" అంది రఫ్ఫక్క.

వానలాయన ఒంటి మీద బూడిద రంగు ముద్ద ఒకటి ఉంది. గళ్ళు లేవు, గీతలు లేవు. గంజిలో ముంచి తీసినట్టున్నాడు.

తమ్ముడు షాపుకి ఫోను చేశాడు. "కేబుల్ మార్చండి సార్, బొమ్మ క్లియర్‌గా వస్తుంది" అన్నారు అక్కడివాళ్ళు. సరేనని కేబుల్ మార్చాడు. పదేళ్ళుగా పండక్కీ పబ్బానికీ పలకరించే పాత కేబుల్ ఆయనతో మాట పట్టింపు పెట్టుకుని మరీ వేరే కంపెనీ కేబుల్ పెట్టించాడు. కొత్త కంపెనీ మనిషి మరదలు ఒక్కతే ఉన్నప్పుడు వచ్చి, కొత్త డబ్బా పెట్టి, బొమ్మ రాగానే సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం చూస్తే వానలాయన ఇంకా గంజిలోనే ఉన్నాడు.

దాంతో తమ్ముడు లెక్క తేల్చేశాడు. టీవీ కొత్తది. కేబుల్ కొత్తది. ఆ గదిలో పాతవి అక్క కళ్ళు ఒక్కటే. అక్కతో అనడానికి నోరు రాలేదు. వెళ్ళి లాండ్రీ ఓనరుతో చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

శుక్రవారం పట్టపగలు ఆవిడ ఇంటికి రావడం చూసి మరదలికి ఏదో అయిందని అర్థమైంది. తమ్ముడు ఆఫీసునుంచి వచ్చేదాకా ఆవిడ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఎవరు చెప్పమన్నార్రా నిన్ను?"

తమ్ముడు సంచి కింద పెట్టాడు. "నీ మంచి కోసమేగా అక్కా. ఇంకెన్నాళ్ళు ఆ పోగులు లాగుతావు? హాయిగా విశ్రాంతి తీసుకో."

"విశ్రాంతి కావాలని నేనడిగానా?"

"నువ్వు అడగవు కాబట్టే నేను..."

"షాపులో నాకు ఒక్కో పోగూ కనపడింది. ఇంటికొచ్చాక గళ్ళే కనపడలేదు. అంటే కళ్ళు షాపులో వదిలేసి వచ్చానా?"

"షాపులో చూపించేది వేరక్కా. అమ్మడానికి అలా పెడతారు."

"అదే వానలాయన. అదే కోటు."

"నీకు అలా అనిపించిందేమో."

ఆ ముక్కకి ఆవిడ నిజంగా దెబ్బతింది. కళ్ళు పోయాయంటే పోట్లాడుతుంది గానీ, చూసినదాన్ని చూడలేదంటే ఏం చేస్తుంది? మొహం వీధివైపు తిప్పేసుకుంది. తమ్ముడికి భయమేసింది.

మరదలు వంటింటి గుమ్మంలోంచి, "వదిన చెప్పేది ఒకసారి వినచ్చుగా. కోటు గళ్ళు నాకూ కనపడట్లేదు. నా కళ్ళు కూడా పోయాయా?" అంది.

"నువ్వు కోటు కేసి చూస్తావా ఎప్పుడైనా?"

"చూడను. వదిన చెప్పాక చూశాను."

రఫ్ఫక్క తల తిప్పి మరదల్ని చూసింది. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఇద్దరికీ పెద్ద మాటల్లేవు. ఆ రోజునుంచి ఉన్నాయి.

శనివారం షాపు తలుపులు తీసేసరికి ఆవిడ మెట్ల మీద ఉంది. షాపులో అద్దాలు తుడుస్తున్న మనిషే టీవీల సంగతులన్నీ తెలిసినవాడని చెప్పారు. అతను ఆవిడని చూసి మిక్సీల వైపు చెయ్యి చూపించాడు.

"మిక్సీ వద్దు. మీ దగ్గర కొన్న టీవీలో బొమ్మ మసగ్గా ఉందని మా తమ్ముడు ఫోను చేశాడు. హెచ్‌డీ అంటే ఏమిటో చెప్పు."

"హెచ్‌డీ అంటే క్లారిటీ అమ్మా."

"క్లారిటీ అంటే?"

"క్లారిటీ అంటే... హెచ్‌డీయే."

"తిరిగి తిరిగి మొదటికే వచ్చావు. నేను గుడ్డ మనిషిని. గుడ్డ చెప్పినట్టు చెప్పు."

ఏ కళనున్నాడో గానీ అతను గుడ్డ కింద పెట్టి కాస్త ఆలోచించాడు. తరవాత చెప్పిన మాట మాత్రం మంచి మాట. "బొమ్మంటే గీతలమ్మా. పైనుంచి కిందికి ఒకదాని కింద ఒకటి వరసగా ఉంటాయి. మామూలు బొమ్మలో ఐదువందల చిల్లర గీతలు. మీరు కొన్న టీవీలో వెయ్యీ ఎనభై."

రఫ్ఫక్క బల్ల మీద చెయ్యి ఆనించింది. "అంటే నేత."

"ఆఁ, అలాగే అనుకోండి."

"అనుకోవడం కాదు, అంతే అది. మగ్గం వెయ్యి పోగులది. నువ్వు ఐదువందల పోగుల నూలే ఇచ్చావనుకో, మగ్గం దాన్నే సాగదీసి అంత వెడల్పూ నేస్తుంది. గుడ్డ పెద్దగానే ఉంటుంది, నేత మాత్రం పలచన. అవునా?"

అతను ఆవిడ వంక తేరిపార చూశాడు. అప్పటినుంచి సరిగ్గా జవాబులిచ్చాడు. టీవీ ఒక్కటి హెచ్‌డీ అయితే సరిపోదన్నాడు. కంపెనీవాళ్ళిచ్చే డబ్బా హెచ్‌డీది కావాలి. ఆ డబ్బాలోంచి టీవీలోకి బొమ్మని మోసుకెళ్ళేది కూడా హెచ్‌డీదే కావాలి. చూసే ఛానలు హెచ్‌డీ నంబరులో పెట్టుకోవాలి. పాత నంబరులో పాత బొమ్మే వస్తుంది. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి పాతదైనా బొమ్మ పాతదే. రఫ్ఫక్క సంచిలోంచి నల్ల లైనింగు ముక్క, గుర్తులు పెట్టే సుద్ద తీసి నాలుగూ, నొక్కాల్సిన మీటతో సహా, రాసుకుంది.

"అయినా మీకు ఆ రోజే చెప్పాం కదమ్మా ఫోన్లో, కేబుల్ మార్చమని."

"మార్చాం."

"మార్చినా రాలేదా? ఏదీ, పట్టుకొచ్చారా?"

"పట్టుకురావడమేమిటి? కంపెనీనే మార్చేశాం."

అతనికి ఒక క్షణం పట్టింది. తరవాత పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే గోడకి వేలాడే నల్లటి వైరొకటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "కేబులంటే ఇదమ్మా."

ఆవిడ నవ్వలేదు. వైరుని చేతిలో తిప్పి చూసింది. రెండు వైపులా చప్పటి మూతి ఉంది. "ఇది వైరు" అంది.

"కేబులే అంటారమ్మా."

"ఎవరంటారు? కేబులంటే నెలనెలా వచ్చి వసూలు చేసుకునే ఆయన. కేబుల్ పోయిందంటే బొమ్మ పోయిందని. కేబుల్ పెట్టించామంటే కనెక్షనని. వీధిలో ఎవరినైనా పిలిచి అడుగు. ఇది వైరు. వైరు మార్చండి అని ఒక్క ముక్క చెప్పుంటే నా తమ్ముడు పదేళ్ళ మంచి మనిషితో పేచీ పెట్టుకునేవాడు కాదు. నేను ఇవాళ ఇక్కడ నిలబడేదాన్ని కాదు."

అతని నవ్వు ఆగిపోయింది. "నిజమేనమ్మా" అన్నాడు. ఆ తరవాత ఎవరు ఫోను చేసినా "వైరు మార్చండి" అనే చెప్పాడట.

వైరు కొందామని సంచి తెరవబోయి ఆగింది. ఆ చప్పటి మూతిని ఎక్కడో చూసింది. ఎక్కడ చూసిందో మాత్రం గుర్తుకు రాలేదు. ఎందుకైనా మంచిదని ఇంటికి వెళ్ళింది.

ఆదివారం తమ్ముడు ఇంట్లో ఉన్నప్పుడే పని మొదలుపెట్టింది. టీవీని బల్ల మీద గోడవైపు తిప్పడం మొదలుపెట్టింది. తమ్ముడు లబోదిబోమన్నాడు.

"ఎందుకక్కా దాన్ని తిరగేస్తావు? బొమ్మ ముందు కదా వచ్చేది."

"చిరుగు ముందు కనపడుతుంది. పని వెనకనుంచి చెయ్యాలి" అంది ఆవిడ.

ఇల్లంతటికీ అది తట్టలేదు, చూడండి. టీవీ వచ్చి మూడు నెలలైంది. అందరూ ముందు కూర్చుని చూశారు, అందరూ తలా ఒక మాటా అన్నారు, వెనకవైపు తొంగిచూసినవాడు ఒక్కడు లేడు. వెనక ఎరుపు, తెలుపు, పసుపు మూతుల వైరొకటి తగిలించి ఉంది. వెనకటి టీవీనాటిది, పసుపుకి మకిలి కూడా పట్టింది. దాని పక్కన చప్పటి కన్నం ఒకటి ఖాళీగా ఉంది. కొత్త డబ్బా తిప్పి చూస్తే దానికీ అలాంటిదే చప్పటి కన్నం, అదీ ఖాళీయే. అంటే తమ్ముడు పొరపాటున కంపెనీ మార్చినందుకు హెచ్‌డీ డబ్బా మాత్రం ఇంటికొచ్చింది. ఆ మాట పైకి చెప్పలేదు, అతను పొంగిపోతాడని.

"డబ్బాతో పాటు ఒక వైరు వచ్చి ఉండాలే. నల్లగా, రెండు వైపులా చప్పటి మూతులతో?"

మరదలి మొహం మారింది. "ఆ వచ్చినాయన పాత వైరు తగిలించే ఉందని అదే వాడాడు వదినా. ఇది అక్కర్లేదన్నాడు. మరి గట్టిగా ఉందని నేను..."

"నువ్వు?"

మరదలు అటక కేసి చూపించింది. పాత దుప్పట్ల మూట. దాని మెడకి నల్లటి వైరు మూడు చుట్లు తిరిగి ముడిపడి ఉంది. ఆ మూట కింద రఫ్ఫక్క రోజూ పడుకుంటుంది. ఆ చప్పటి మూతి రోజూ ఆవిడ మొహమ్మీదికే వేలాడుతోంది. ముగ్గురూ దాని వంక చూశారు. మొదట మరదలు నవ్వింది, ఆపుకోలేక రఫ్ఫక్క కూడా నవ్వింది. తమ్ముడు స్టూలెక్కి ముడి విప్పాడు.

వైరు తగిలించారు. తెర నల్లగా అయిపోయింది, సిగ్నల్ లేదని రాసి వచ్చింది.

"పోయింది. ఉన్నది కూడా పోయింది" అన్నాడు తమ్ముడు.

రఫ్ఫక్క లైనింగు ముక్క చదువుకుంది. బొమ్మ ఏ కన్నంలోంచి వస్తుందో టీవీకి చెప్పాలని షాపు మనిషి అన్నాడు. రిమోటులో సోర్స్ మీట నొక్కితే అడుగుతుందట. నొక్కింది, అడిగింది, చెప్పింది. బొమ్మ పడింది. కాస్త మెరుగే గానీ కోటు కోటులా లేదు.

తమ్ముడు మెల్లిగా, "అక్కా, పోనీలే" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆవిడకి కూడా ఆ క్షణంలో అనుమానం వచ్చింది. ఒకవేళ వాళ్ళన్నదే నిజమైతే? షాపులో చూసింది నిజంగా చూడకపోతే? చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒక నిమిషం కూర్చుంది. ఆ కిటికీ లేకపోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో ఆవిడకి తెలియదు. నాలుగింట్లో మూడయ్యాయని వేళ్ళు మడిచింది. నాలుగోది ఉంది. కంపెనీకి ఫోను చేసి, అది నొక్కండి ఇది నొక్కండి అనే గొంతులన్నీ దాటి, మనిషి దొరికేదాకా పట్టు వదలకుండా, ఆ వార్తల ఛానలు హెచ్‌డీ నంబరు అడిగింది. మీరు కట్టిన ప్యాకులో ఆ ఛానలు మామూలుదే ఉందన్నారు. ఎలాంటి మొహమాటమూ లేకుండా మార్చమంది. మార్చేసరికి మంగళవారం సాయంత్రమైంది. కొత్త నంబరు నొక్కగానే వార్తలు చదివే అమ్మాయి చెవి పక్కన చెదిరిన వెంట్రుక ఒకటి కనపడింది.

తమ్ముడు లేచి వెళ్ళి ఆ వెంట్రుకని దగ్గరగా చూశాడు. కాసేపటికి వచ్చి అక్క పక్కన నేల మీద కూర్చున్నాడు. "తప్పయిందక్కా" అన్నాడు.

"రేపు నువ్వు కూడా ఇంట్లో ఉండు" అంది ఆవిడ.

బుధవారం ఏడింటికి లాండ్రీ ఓనరు వచ్చాడు. మాట ఇచ్చాడు కాబట్టి వచ్చాడు గానీ, వచ్చేటప్పుడే ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుని వచ్చాడు. టీవీ పక్కన కుర్చీ చూపిస్తే అందులో కూర్చున్నాడు. రఫ్ఫక్క మాత్రం గదికి ఆ చివర, గోడకి ఆనుకుని చాప మీద కూర్చుంది. అద్దాలు పెట్టుకోలేదు. దూరపు చూపుకి ఆవిడకి అద్దాలు అక్కర్లేదు.

వార్తలయ్యాయి. వానలాయన వచ్చాడు, గళ్ళ కోటు వేసుకునే వచ్చాడు. ఓనరు అప్రయత్నంగా ముందుకి వంగాడు. తన షాపులో ఉతికిన కోటు అంత స్పష్టంగా అతను షాపులో కూడా చూడలేదు. గళ్ళు గళ్ళుగా, పోగులు పోగులుగా ఉంది. పడమటినుంచి మబ్బులు వస్తున్నాయని చెబుతూ ఆయన ఎడమ చెయ్యి పైకెత్తాడు. మోచెయ్యి తెర మీద నిండుగా నిలబడింది.

రఫ్ఫక్క చూసింది. ఆయన చెయ్యి ఎత్తినప్పుడు చూసింది, దించి మళ్ళీ ఎత్తినప్పుడు చూసింది.

"చెప్పక్కా. రఫ్ఫు ఎక్కడ?" అన్నాడు ఓనరు.

కనపడట్లేదని చెప్పచ్చు. రఫ్ఫు కనపడకపోతే పని గొప్ప. కానీ అప్పుడు కళ్ళు పోయినట్టే. కనపడిందని చెప్తే కళ్ళున్నట్టే. కానీ పని చెడిందని తన నోటితో తను ఒప్పుకున్నట్టే. ముప్ఫై నాలుగేళ్ళ పనిలో తప్పు పట్టనివ్వని మనిషికి అది చిన్న విషయం కాదు. తమ్ముడికి అర్థం కాలేదు గానీ, మరదలికి అర్థమైంది.

"ఎడమ మోచెయ్యి కింద, రెండు గళ్ళు కలిసే చోట" అంది రఫ్ఫక్క. "కిందనుంచి మూడో పోగు. పక్కవాటికన్నా రవ్వంత పచ్చగా తిరిగింది. మబ్బు రోజున లైటు కింద ఎంచాను. ఎండలో చూసుకుని వెయ్యాల్సింది, నువ్వు తొందరపెట్టావు, నేనూ లొంగాను. తప్పు నాదే. ఆ కోటు మళ్ళీ వచ్చినప్పుడు ఆ పోగు పీకి ఇంకోటి వేస్తాను."

ఓనరు తెర దగ్గరికి వెళ్ళాడు. అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. వానలాయన ఇంకోసారి చెయ్యి ఎత్తాడు. ఓనరు మోచెయ్యి మీద వేలు పెట్టి వెతికాడు. కిందకి వెతికాడు, పక్కకి వెతికాడు. ముక్కు తెరకి తగిలేంత దగ్గరికి వంగాడు. తమ్ముడు కూడా వెళ్ళి పక్కన వంగాడు. ఇద్దరి తలలూ అడ్డమొచ్చి వానలు ఎక్కడ పడతాయో ఎవరికీ కనపడకుండా పోయింది.

"నాకేం కనపడట్లేదక్కా" అన్నాడు ఓనరు, గొంతు తగ్గించి. "కోటంతా ఒక్కలాగే ఉంది."

రఫ్ఫక్క చాప మీంచి లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"అందుకే నువ్వు కౌంటర్లో కూర్చున్నావు నాయనా. కిటికీ దగ్గర నేను కూర్చుంటాను. ఆ మిషనుకి ప్లగ్గు ఇంకెక్కడైనా వేయించుకో."